రెండో స్లాటు, నాలుగో స్లాటు

మా మేడ మీద వాటాలో అద్దెకుండే జాన్‌బీ బుధవారం పొద్దున కిందికి దిగివచ్చి, "మాస్టారండీ, పెళ్లికూతురు మళ్లీ ఆగిపోయింది" అంది.

పెళ్లికూతురు ఆమె కంప్యూటర్లో ఉంది. నేను పైకి వెళ్లేసరికి తలంబ్రాలు దోసిట పట్టుకుని, చేతులు గాల్లోనే ఉంచి బిగుసుకుపోయింది. కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. రెండు గింజలు రాలాయో లేదో మళ్లీ ఆగింది.

జాన్‌బీ ఏడేళ్లు నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచే పనిచేసింది. పోయిన వేసవిలో దగ్గు పట్టుకుంది. ఆ కోరులోకి, మిరప ఘాటులోకి మళ్లీ వెళ్తే ఊపిరితిత్తులు పాడైపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసి వీడియో ఎడిటింగ్ నేర్చుకుంది. విజయవాడలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియో ఒకటి ఆమెకి శనివారం పదకొండింటికి పరీక్ష పెట్టింది. ఆమె తెర వాళ్లకి కనబడుతూ ఉంటుంది. వాళ్లు పంపిన వీడియోను గంటన్నరలో కూర్చి చూపించాలి. నచ్చితే ఇంటి నుంచే పని. నచ్చకపోతే సోమవారం నుంచి మళ్లీ ముచ్చికలే. సంగతేదో శనివారం మధ్యాహ్నానికల్లా చెప్పమని కూలీలను తీసుకెళ్లే మేస్త్రి బసవమ్మ గడువు పెట్టింది.

ఆ కంప్యూటర్ బిగించింది నేను. ముప్పై రెండేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా భార్య దేవకుమారి పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచి స్క్రూడ్రైవర్‌తో చేసే పని ఎవరు చెప్పినా కాదనడం లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని సలహా ఇచ్చింది కూడా నేనే. అది లేకపోతే బొమ్మ చూపించే పనికి కూడా కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది, కాబట్టి వేగంగా ఉండే ర్యామ్ కొంటే చాలన్నాను. రెండు ముక్కల జత కొన్నాం. డబ్బా మీద దాని వేగం 3200 అని పెద్ద అంకెలు.

ఇప్పుడు తెరమీద చూస్తే 2133 అని ఉంది.

జాన్‌బీ భర్త బుడే ఆటో నడుపుతాడు. గుమ్మంలో నిలబడి టీ తాగుతూ అంతా విన్నాడు. "నా ఆటో మీటర్లో కూడా వంద దాకా అంకెలున్నాయి మాస్టారూ. ఏనాడన్నా వెళ్లిందా?"

"నువ్వు నోరు మూసుకుని బేరానికి పో" అంది జాన్‌బీ.

ర్యామ్ అమ్మిన అయూబ్‌కి ఫోన్ చేశాను. గుంటూరులో చిన్న కొట్టు అతనిది.

"డబ్బా మీద రాసింది అది పరిగెత్తగలిగే వేగం మాస్టారూ. మీరు చెప్పందే పరిగెత్తదు. ఆన్ చేయగానే డిలీట్ నొక్కుతా ఉండండి. సెట్టింగులొస్తాయి. అందులో మెమరీ ప్రొఫైల్ అని ఉంటది, అది ఆన్ చెయ్యండి."

"ఈ ముక్క కొన్నరోజే చెప్పొచ్చుగా అయూబ్?"

"మీరు ఫిజిక్స్ మాస్టారు కదండీ. మీకు నేను చెప్పేదేముంది అనుకున్నా."

అతను చెప్పినట్టే చేశాను. తెర నల్లబడింది. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. మూడుసార్లు అలా జరిగాక తెర వెలిగి, ఈ వేగం కుదరలేదు, పాత వేగానికే తెచ్చాను అని రాసి చూపించింది. పనైతే కాలేదు గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. మనం చేసిన తప్పును మనని అడక్కుండానే దిద్దుకునే ఏర్పాటు అందులో ఎవరు పెట్టారో, ఆ మనిషికి మనసులో వందనాలు చెప్పుకున్నాను.

గురువారం ర్యామ్ ముక్కలు రెండూ తీసి, ఒక్కోదాన్నీ విడిగా పెట్టి చూశాను. మొదటిది ఒంటరిగా 3200లో నడిచింది. రెండోదీ అంతే. రెండూ కలిపి పెడితే మాత్రం తెర నల్లబడిపోతోంది. కిందికి వచ్చి అయూబ్‌కి మళ్లీ ఫోన్ చేశాను.

"రెండూ తెచ్చివ్వండి, కంపెనీకి పంపిస్తా. మార్చి ఇస్తారు. పది రోజులు పడద్ది."

"శనివారం పరీక్ష అయ్యా."

"అయితే దేవుడే దిక్కు మాస్టారూ."

జాన్‌బీ మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోన్ మాటలన్నీ విన్నది. "పోనీలెండి మాస్టారండీ. ముక్కుకి రెండు మడతలు గుడ్డ కట్టుకుని వెళ్తా. అంతమంది వెళ్లట్లా?" అంది. అని లేచి పైకి వెళ్లింది. పన్నెండు మెట్లకి రెండుసార్లు ఆగింది. నేను కింద నుంచి లెక్కపెట్టాను.

శుక్రవారం పొద్దున్నే మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం బయటికి తీశాను. బిగించేటప్పుడు దాన్ని తెరవలేదు. ఎన్నేళ్లుగానో పిల్లలకి, ప్రయోగం మొదలుపెట్టేముందు పుస్తకం చదవండ్రా అని చెప్పినవాణ్ని. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. దేవకుమారి బైబిల్ చదువుకునే భూతద్దం పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాను. పదకొండో పేజీలో బొమ్మ ఉంది. ర్యామ్ పెట్టే స్లాట్లు వరసగా నాలుగు. రెండు ముక్కలుంటే రెండోదాంట్లో ఒకటి, నాలుగోదాంట్లో ఒకటి పెట్టమని నల్లగా దిద్ది చూపించారు.

నేను మొదటి రెండింట్లో పెట్టాను. జత కదా, పక్కపక్కన ఉండాలి అనుకున్నాను. పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో తోసుకుంటాయట. ఒకటి విడిచి ఒకటి పెడితే దేని దారి దానికుంటుందట.

నాకు నవ్వొచ్చింది. మా చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ముప్పై నాలుగేళ్లు నేను ఇటు మూడో వరస చివర, దేవకుమారి అటు మూడో వరస చివర. మధ్యలో నడిచే దారి. పాట అందుకుంటే ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు తెలిసేది, నేనూ అక్కడే తీసుకునేవాణ్ని. పక్కన కూర్చుంటేనే జత అని ఆ ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ అనుకోనివాణ్ని, ఈ ప్లాస్టిక్ ముక్కల దగ్గర మాత్రం అనుకున్నాను.

పుస్తకం పట్టుకుని పైకి వెళ్లాను. "జాన్‌బీ, తప్పు ర్యామ్‌ది కాదమ్మా. నాది."

ఈసారి ఆమెనే పెట్టమన్నాను. నా వేళ్లు కొద్దిగా వణుకుతాయి. ఆమెవి రోజుకి బస్తాల కొద్దీ కాయలు చిట్లకుండా ముచ్చిక ఒక్కటే తుంచిన వేళ్లు. అంచులు పట్టుకుని సూటిగా దింపింది. టక్, టక్ అని రెండూ కూర్చున్నాయి.

స్విచ్ వేశాం. ప్రొఫైల్ ఆన్ చేశాను. తెర నల్లబడింది. అర నిమిషమైంది. నిమిషమైంది. నా చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

"ఆగండి మాస్టారండీ. ఈసారి ఫ్యాను ఆగలేదుగా. దాన్ని ఆలోచించుకోనివ్వండి" అంది జాన్‌బీ.

ఇంకాసేపటికి తెర వెలిగింది. 3200.

జాన్‌బీ లేచి వెళ్లి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది.

అక్కడితో వదిలేస్తే బాగుండేదేమో గానీ, ర్యామ్ తప్పులు చేస్తోందా లేదా చూసే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని నడపమని అయూబ్ చెప్పాడు. పది గంటలకి మొదలుపెట్టాం. పన్నెండింటికి ఒకే ఒక్క ఎర్ర గీత వచ్చింది. ఒక్క తప్పు. ఆ ఒక్కటీ రేపు పరీక్ష మధ్యలో వస్తే మొత్తం ఆగిపోవచ్చు.

"3000కి దించితే నిలబడొచ్చు" అన్నాను. అనడానికి కష్టంగానే ఉంది. ఇన్ని తిప్పలూ పడింది ఆ 3200 కోసమే.

"దించండి. వాళ్లు చూసేది పెళ్లికూతుర్ని. అంకె కనపడదు వాళ్లకి."

భోజనానికి వచ్చిన బుడే, "మీటర్లో రాసినంత ఎవరూ వెళ్లరని నేను బుధవారమే చెప్పా. వింటేగా" అని చేతులు కడుక్కున్నాడు.

3000కి దించి సాయంత్రం ఆరింటిదాకా నడిపాం. ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. తర్వాత జాన్‌బీ వీడియో పెట్టింది. పెళ్లికూతురు దోసిలి ఎత్తింది, తలంబ్రాలు పోసింది, పెళ్లికొడుకు తల విదిలించాడు, వెనకాల ఎవరో ముసలామె నవ్వింది. ఆ నవ్వు అంతకుముందు మేమెవరం చూడలేదు.

శనివారం నేను పైకి వెళ్లలేదు. మాస్టారు పక్కన నిలబడితే పరీక్ష రాసేవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. బుడే బేరానికి వెళ్లకుండా గేటు ముందు ఆటో తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే నాలుగుసార్లు తుడిచాడు. మాకిద్దరికీ పైనుంచి వినబడేది ఆ వీడియోలోని సన్నాయి ఒక్కటే. అది ఎక్కడా తెగలేదు.

పన్నెండున్నర దాటాక జాన్‌బీ దిగింది.

"ఏమన్నారు?" అన్నాడు బుడే.

"మూడు చోట్ల కటింగ్ బాలేదన్నారు."

"అంటే?"

"అంటే బాలేదనే. అప్పగింతలు తొందరగా కోసేశానంట. ఏడ్చేవాళ్లని ఏడవనివ్వాలంట." ఆమె స్తంభానికి ఆనుకుని నా వైపు చూసింది. "కంప్యూటర్ మీద మాత్రం ఒక్క మాట రాలేదు మాస్టారండీ. మూడు నెలలు చూస్తామన్నారు. సోమవారం మొదటి పెళ్లి పంపిస్తారంట."

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. బుడే తుడిచేగుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. బసవమ్మ. ఆ మనిషికి ఫోనులో స్పీకర్ అక్కర్లేదు, గేటు దాకా వినిపిస్తుంది.

"ఏమే, సోమవారం బండిలో చోటుంచేదా వద్దా?"

"వద్దు పిన్నీ. ఇంటికాడే పని దొరికింది. పెళ్లి వీడియోలు."

"బొమ్మలాట కూడా పనేనా? సరే, దగ్గు తగ్గిందా?"

"తగ్గుతోంది పిన్నీ."

"అయితే విను. వచ్చే నెల మా మనవరాలికి ఓణీల ఫంక్షన్. ఆ వీడియో నువ్వే చెయ్యాల. నన్ను కాస్త తెల్లగా చూపించు."

"అది మాత్రం ఏ కంప్యూటర్ వల్లా కాదు పిన్నీ" అంది జాన్‌బీ. అవతల బసవమ్మ తిట్లు మొదలయ్యాయి. ఆమె ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, నవ్వుతూ మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.