బంచరాయి మీద కన్ను

ఊరి పశువులన్నీ మేసే బంచరాయిలో సగాన్ని ఆ వానాకాలం మూసేయాలని మోతుబరి సుందర్ రావు పంచాయతీలో చెప్పాడు.

"సగం బందు పెడదాం. గరిక, చెంగలి గడ్డి మళ్ల ఏర్లు పట్టుకుంటయి. కౌజులు గుడ్లు పెడ్తయి. ఎండకాలం అందరికి మేతయితది," అన్నాడు.

కరువులో గొడ్లను పోగొట్టుకున్న ఊరు వెంటనే తలూపింది. సారమ్మ మాత్రం ఊపలేదు. కౌజు పిట్టల గుడ్ల మీద ప్రేమున్న మోతుబరిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమె సంసారమంతా నాలుగు మేకల మీదే నడుస్తోంది. వెనకట గుట్ట కింది జాగ దగ్గర ఒక దొర కూడా ఇట్లాగే, ఈ ఒక్క ఏడు గొడ్లను తోలకండని బతిమాలాడు. మరుసటేడు, ఎవరూ వాడని జాగ అంటూ అక్కడ బావి తవ్వి కంచె వేశాడు.

"జాగ మీద కన్నేసిండు," అంది మొగుడు దావీదుతో.

"చర్చి సంఘ పెద్ద గదనే. మంచోడు."

"గా దొర గూడ మంచోడే ఉండె, బాయి తవ్వేదాక."

అప్పటి నుంచి చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, సారమ్మ ఒక కన్ను తెరిచి సుందర్ రావునే చూసేది. అతను నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

చివరికి ఒక ఉపాయం ఆలోచించింది. రోజూ పొద్దున్నే మేకలను మూసిన సగంలోకి తోలసాగింది. కాళ్ల గుర్తులు, పెంటికలు కనబడుతుంటే రేపు ఎవడూ అది వాడని జాగ అనలేడని ఆమె ధీమా. మేతకు కాదని ఆమె అనుకున్నా, మేకలకు ఆ సంగతి తెలియదు కదా! ఆమెను చూసి మొగిలయ్య బర్రెలను తోలాడు. మొగిలయ్యను చూసి ఊరంతా తోలింది. సుందర్ రావు గట్టు మీద నిలబడి చూశాడే గానీ ఒక్క మాట అనలేదు.

"దొంగ గాబట్టే నోరు లేస్తలేదు," అని సారమ్మ మురిసిపోయింది.

ఎండాకాలానికి రెండు సగాల్లోనూ ఎర్రమట్టే మిగిలింది. మేకల డొక్కలు లోపలికి పోయాయి. కళ్ల ముందు చచ్చిపోతే చూడలేక, ఏడ్చుకుంటూ వాటిని అమ్మేందుకు నర్సంపేట పశువుల అంగడికి తోలుకుపోయింది.

అక్కడ సుందర్ రావు తన ఎడ్ల జతను పట్టుకుని నిలబడి ఉన్నాడు. సారమ్మ నమ్మలేకపోయింది. జాగ మింగాలనుకున్నవాడికి ఎడ్లను అమ్ముకునే గతి ఎందుకు పడుతుంది?

"అన్నా, నేను మేకలను తోల్తుంటె సూసినవ్ గదా. ఎందుకు ఆపకపోతివి?"

అతను ఎద్దు మెడ నిమిరాడు. "ఆపితె ఏమంటుంటివి చెల్లె?"

సారమ్మ సిగ్గుతో చితికిపోయింది.

"జాగ నీదా అంటుంటి."

"గందుకే ఆపలే," అన్నాడు సుందర్ రావు.

బేరగాడు వచ్చి ఎడ్ల పగ్గాలు అందుకున్నాడు.