ఆ రోజు రేటు

కనకమ్మ జన్మలో రెండు పనులు చేయలేదు. అడిగిన రేటుకి కొనలేదు, ఇచ్చిన మాట తప్పలేదు. మొదటిది ఆమె గొప్ప. రెండోది వ్యాపారం. ఎండుచేపల బేరంలో కాగితాలుండవు. ఒకసారి మాట పోతే మర్నాడు ఏ పడవా చేప వేయదు. ఆ రెంటికీ తగాదా రాకుండా చూసుకుంటూ ఇరవై ఏడేళ్ళుగా రేపల్లె మార్కెట్లో కొట్టు నడుపుతోంది.

సముద్రం అవతల ఒక ద్వీపదేశాన్ని తుఫాను ముంచేసిన వారం అది. పక్క టీకొట్టు టీవీలో రోజంతా కొట్టుకుపోయిన పడవలూ, కింద ఏ దేశం ఎంత ఇచ్చిందో అంకెలూ నడుస్తున్నాయి. బసవపున్నయ్య మేష్టారు ఆ అంకెలకి అర్థాలు చెబుతున్నాడు. ఆయన తెనాలిలో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, రేపల్లెలో కూతురింట ఉంటున్నాడు. కార్తీకమాసం గనక చేప ముట్టడు. కనకమ్మ కొట్టు గాలి తగిలేచోట కుర్చీ వేసుకోవడం మాత్రం మానడు.

"వంద రూపాయల ఆదాయానికి డెబ్భై పైసలు పేద దేశాలకి ఇస్తామని పెద్ద దేశాలన్నీ యాభై ఏళ్ళ క్రితం అనుకున్నాయి కనకమ్మా. నాలుగైదు తప్ప ఏదీ ఆ గీత దాటలేదు."

"డెబ్భై పైసలా? ఆ బిళ్ళలు ఇప్పుడు చెల్లుతున్నాయేంటండి?"

"నవ్వకు. ఇచ్చినదాంట్లో కూడా మెలికలుంటాయి. మా గోధుమలే కొనండి, మా ఓడల్లోనే తెచ్చుకోండి అంటారు. ఇచ్చిన డబ్బు తిరిగొచ్చి ఇచ్చినవాడి జేబులోనే పడుతుంది."

కనకమ్మ ఈగలు తోలుతున్న చెయ్యి ఆపింది. మొదటిసారి ఆమెకి ఆ దేశాల మీద గౌరవం కలిగింది.

"వ్యాపారం తెలిసినోళ్ళండి," అంది.

సరిగ్గా అప్పుడే బాపట్ల వైపు నుంచి మస్తానయ్య వచ్చాడు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఇరవై రెండు ఇంజను పడవలున్న పాలేనికి అతను పెద్ద. కనకమ్మ అమ్మే నెత్తళ్ళు చాలావరకు ఆ పాలెంవే. ఆ పాలెంలో తాతలనాటి ఆచారం ఒకటుంది. ఎవరి పడవైనా సముద్రంలో పోతే, మిగతా పడవలన్నీ ఒక రోజు వేట మొత్తం ఆ ఇంటికి ఇచ్చేస్తాయి. ఎంత పడితే అంత. ఆ చేప కొన్న వ్యాపారి ఆ రోజు రేటు కట్టి, కమీషను తీసుకోకుండా వెళ్ళాలి.

"అక్కడ పోయినవి కూడా పడవలేగా అమ్మా," అన్నాడు మస్తానయ్య. "ఒక రోజు వేట వాళ్ళకిద్దామని మా కుర్రాళ్ళ మాట. డబ్బు కలెక్టరాఫీసు ద్వారా పంపుతాం. చేప నువ్వు కొనాలి."

"మన దేశం ఓడ పంపిందని టీవీలో చెప్పాడుగా బాబాయ్?"

"ఓడ దేశానిది. వేట మనది."

"ఆ దేశపోళ్ళేగా పోయినేడు సముద్రంలో సరిహద్దు గీత దాటారని మన గిరిబాబుని, ఇంకో ముగ్గుర్ని పట్టుకుపోయింది?"

"ఆ గిరిబాబే పట్టుబడుతున్నాడు, ఇవ్వాల్సిందేనని."

గిరిబాబు కనకమ్మ అన్న కొడుకు. అరవై రెండు రోజులు అక్కడ ఒక రేవులో కాపలా మధ్య ఉండి వచ్చాడు. వచ్చినప్పుడు ఒక కేజీ బరువు పెరిగి ఉన్నాడని కనకమ్మ అందరికీ చెప్పి నవ్వించింది. ఎందుకు పెరిగాడో ఎప్పుడూ అడగలేదు.

ఆమె ఓ క్షణం కళ్ళు మూసుకుంది. ఊరివాళ్ళు దాన్ని భక్తి అనుకుంటారు. కార్తీకంలో సగం జిల్లా చేప తినదు; సోమవారమైతే మిగతా సగం కూడా తినదు. ఐసు వ్యాన్లు ఒడ్డుకి రావు. ఎనభై పలికే పచ్చి నెత్తళ్ళు ముప్పైకి దిగుతాయి. నాలుగు కేజీల పచ్చి చేప ఎండితే ఒక కేజీ. మార్గశిరం రాగానే ఆ కేజీ మూడు వందలు.

"అలాగే బాబాయ్. పుణ్యకార్యం కదా, కార్తీక సోమవారం నాడే పెట్టుకుందాం. ఎంత పడ్డా మొత్తం నేనే కొంటాను, ఆ రోజు రేటుకి."

"మాటేనా?"

"మాటే."

మేష్టారి కళ్ళు చెమర్చాయి. "చూశావా మస్తానయ్యా, పేదవాళ్ళ మనసు!" అన్నాడు. కనకమ్మ పైటకొంగుతో నవ్వు తుడుచుకుంది.

తెలివి తనొక్కదానిదే అనుకోవడం ఆమె పొరపాటు. సోమవారం అనగానే పాలెంలో ఒక్కరూ మారు మాట్లాడలేదు. ఎలాగూ అమ్ముడుపోని రోజు, ఇచ్చేస్తే పోయేదేముంది? పడవకి యాభై కేజీలు వేసుకున్నా మొత్తం ఒక టన్ను. పేరుకి పేరు, సెలవుకి సెలవు. అందరూ ఎవరికి వాళ్ళు చవగ్గా తేల్చుకున్నామనుకుని, ఒకరి మంచితనాన్ని ఒకరు మెచ్చుకున్నారు.

సముద్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. దానికి కార్తీకం లేదు.

సోమవారం పొద్దున కనకమ్మ చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల చేరి, ఆటోలో ఒడ్డుకి దిగేసరికి ఇసుక కనిపించడం లేదు. కనిపించేదంతా వెండి. పడవలు అంచులదాకా మునిగి వస్తున్నాయి. ఆడవాళ్ళు గంపలు చాలక చీరలు పరిచారు. కాటా వేసే మనిషి మూడు టన్నులు దాటాక కూర్చుండిపోయాడు. ఆరు దగ్గర ఆగింది.

"పదేళ్ళలో ఇన్ని నెత్తళ్ళు పడలేదు!" అన్నాడు ఒకడు. ఆనందంగా కాదు, తిట్టినట్టు.

కనకమ్మ తూర్పు వైపు చూసింది. సముద్రం మీద మబ్బు, ఉతకని దుప్పటిలా వేలాడుతోంది. గాలిలో తేమ. ద్వీపాన్ని ముంచిన తుఫాను పోయింది, దాని వెనక ఇంకో వాయుగుండం వస్తోందని ఫోనులో పొద్దున్నే విన్నది. నెత్తళ్ళు ఎండాలంటే రెండు రోజుల ఎండ కావాలి. ఎండకపోతే అవి చేపలు కావు, కంపు. సీజను సరుకు కోసం దాచిన పెట్టుబడి రెండు లక్షల చిల్లర. ఏడాది బతుకు దానిమీదే. అది ఈ ఇసుకలో పోయిందా, మార్గశిరంలో కొట్టు ముందు కూర్చుని మేష్టారితో పాటు తనూ వాసన చూడటమే.

పడవల వాళ్ళు గుంపుగా చేరారు. ఒకడు గొణిగాడు. "ఒక రోజు వేట అన్నాంగానీ, ఇలాంటి వేట అన్నామా? టన్ను ఇచ్చి, మిగతాది ఉంచుకుంటే పోలా?"

"ఉంచుకుని ఏం చేస్తావురా, నీ పెళ్ళాం చెవులకి పెడతావా? కొనేవాడేడి?" అన్నాడు మస్తానయ్య. తర్వాత కనకమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు రేటన్నావు. వేలం పెడదామంటే ఇంకో వ్యాపారి లేడు. రేటు నువ్వే చెప్పాలి."

ఇరవై ఏడేళ్ళలో ఆమెకి ఆ మాట ఎవరూ అనలేదు. పక్కవాడు నలభై అంటే నలభై ఒకటి అనడం తెలుసు. ముక్కు చిట్లించడం, చేపని మొప్పలెత్తి చూసి కింద పడేయడం, బస్సుకి టైమైందని లేవడం తెలుసు. ఎదురుగా పాడేవాడు లేకుండా, ఒంటరిగా నిలబడి ఒక అంకె చెప్పడం ఎలాగో తెలియదు. ఏ అంకె చెప్పినా అదే ఆ రోజు రేటు. ఎనిమిది అన్నా మాట తప్పినట్టు కాదు. అరవై మంది ఆమె నోటివైపు చూస్తున్నారు.

ఎనిమిది నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా గిరిబాబు గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఏంట్రా నా మొహంలోకి చూస్తావు? అక్కడ నీకేం పెట్టారేంటి అంత?"

"ఇవే అత్తా. నెత్తళ్ళ పులుసు. చింతపండు కాదు, ఇంకేదో నల్లటి పులుపు."

"జైలు కూడు అదేనా?"

"జైలు కూడు ఉప్పు లేని గంజి. పులుసు రేవులో ఆడోళ్ళు తెచ్చేవోళ్ళు. కాపలావోడికి ఒక గిన్నె ఇచ్చి, మాకు నలుగురికీ."

"రోజూనా?"

"అరవై రెండు రోజులు. తుఫాను పోయింది ఆ రేవు మీదినుంచే."

"మీరెవరో ఏంటో అడిగారా?"

"భాషే తెలీదుగా అత్తా, ఏం అడుగుతారు? గిన్నె పెట్టి, తిని చూపించమన్నట్టు నుంచునేవోళ్ళు."

కనకమ్మకి చెడ్డ కోపం వచ్చింది. వాడి మీద కాదు, ఆ ఆడవాళ్ళ మీద. బేరం ఆడకుండా, ఎదుటివాడు ఎవరో కనుక్కోకుండా, తిరిగొస్తుందో లేదో చూసుకోకుండా పులుసు పోసేవాళ్ళని ఏమనాలి? వ్యాపారం చెడగొట్టేది ఇలాంటివాళ్ళే.

"నిన్నటి రేటు," అంది. "ముప్పై. ఇంకెవడైనా నోరెత్తితే ఇరవై తొమ్మిది చేస్తాను."

ఇవ్వడానికి వెనకాడినవాడే ముందుగా గంప ఎత్తాడు.

సాయంత్రానికి చినుకులు మొదలై మూడు రోజులు పట్టు వదల్లేదు. ఉన్న ఉప్పంతా పోసింది, టార్పాలిన్లు అద్దెకి తెచ్చింది, దేవుళ్ళని పేరు పేరునా తిట్టింది. ప్రతి నాలుగు గంపల్లో మూడు చెడిపోయాయి. వాటిని కోళ్ళ దాణాకి తెనాలి వ్యాపారి ఎత్తుకుపోతూ, "వర్షం పడేలా ఉంటే ఎవరన్నా ఇంత కొంటారా అక్కా?" అని జాలిపడ్డాడు. ఆమె అతనికి టీ కూడా పోయించలేదు.

లక్షా ఎనభై వేల చెక్కు బాపట్ల కలెక్టరాఫీసుకి వెళ్ళింది. పాలెంవాళ్ళు రామాలయం గోడ మీద దాతల పేర్లు రాయిస్తూ, అన్నిటికంటే పైన ఆమె పేరు రాస్తామని చెప్పడానికి ఒక మనిషిని పంపారు.

"దానం అని రాయొద్దని చెప్పు," అంది కనకమ్మ. "నష్టం అని రాయండి. దానం అని రాస్తే రేపు ఇంకో దేశం వస్తుంది."

మేష్టారు కాగితం మీద లెక్క కట్టుకుని వచ్చాడు. "నీకు పోయింది నీ ఏడాది సంపాదనలో వందకి పది రూపాయలు కనకమ్మా! ఏ దేశమైనా నీ దరిదాపులకి వచ్చిందా?"

"వాళ్ళకి మబ్బు పట్టలేదు లెండి."

టీవీలో పెద్ద దేశాల మంత్రులు పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరు ఎంతివ్వాలో రెండో రోజు కూడా తేలలేదని, ఎవరికి తోచినంత వాళ్ళు ప్రకటించుకోవచ్చని వార్త. మేష్టారు అసహ్యంగా నాలుక చప్పరించాడు.

కనకమ్మ మాత్రం బల్ల చివర ఒంటరిగా నీళ్ళు తాగుతున్న ఒక ఆడ మంత్రిని జాలిగా చూసింది.

"తిట్టకండి మేష్టారూ. పక్కన పాడేవాడు లేకుండా రేటు చెప్పడం మాటలు కాదు," అంది. తర్వాత కొట్టులో మిగిలిన మంచి నెత్తళ్ళ బుట్ట ముందుకి లాగి, కేజీకి ఇరవై పెంచింది.