మా ఇంటి రెండో ఓటు

ఓట్ల రోజున మా ఊళ్లో ఫైరింజన్‌ను బయటికి తోలి, ఆ షెడ్డులో బల్లలు వేస్తారు. ఒక పక్క ఓట్లు, ఇంకో పక్క గొడ్డుమాంసం, చిక్కుడు గింజలు వేసి కాచిన కారం పులుసు, దానిలోకి దాల్చినచెక్క బన్నులు. ఆ బన్నులు ప్రతిసారీ నేనే చేస్తాను.

మొగుడూ పెళ్లామూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓటు వేయడం మా అలవాటు. దాచుకోవడానికేముంది? ఊరంతా ఒకటే పార్టీ. సాయంత్రం లెక్క తేలాక ఎదుటి పార్టీ పేరు పక్కన సున్నా రాసి తలుపుకు అంటించేవారు. ఆ సున్నా చూసుకుని మా మగవాళ్లు ఛాతీ విరుచుకునేవారు.

అప్పట్లో నాకు చదువు రాదు కాబట్టి నా ఓటు కాగితం మీద పేర్ల పక్కనుండే గుండ్రాలు కూడా నా భర్త వెండెల్ నింపేవాడు. "నాలాగేగా?" అని అడిగేవాడు. నేను తలూపేదాన్ని. అతను పోయాక, ఊరూరా తిరిగే పుస్తకాల బండి మెట్టు మీద కూర్చుని, ఆ బండి నడిపే ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను.

ఈసారి ఓట్లప్పుడు మా మరిది డెల్మర్ కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చాడు.

"జరుగు వదినా. అన్నయ్య లేడుగా, నీది నేను నింపుతా."

"నువ్వు నింపాల్సిందేం లేదు. పోయి బన్ను తిను."

"అంతా చదవగలవా?"

"నిదానంగా చదువుతా. సాయంత్రం దాకా తలుపులు తెరిచే ఉంటాయిగా."

మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, ఒక్కో పేరు కింద వేలు పెట్టి చదివాను. గార్త్ లిన్‌స్ట్రామ్ పేరు దొరికింది. మా పార్టీ కుర్రాడే. వేసవి సంతలో మైకు పట్టుకుని, తనను గెలిపిస్తే ముందుగా ఆ పుస్తకాల బండిని ఆపిస్తానన్నాడు. "ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారు?" అని నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ జనంలో నేనూ ఉన్నాను.

అతని పేరు దాటి, కిందున్న ఎదుటి పార్టీ మనిషి పేరు పక్కన గుండ్రం నింపాను. అంచు దాటకుండా, నల్లగా, నిండుగా.

సాయంత్రం తలుపు మీద సున్నా ఉండాల్సిన చోట ఒకటి ఉంది.

మర్నాడు కోళ్లకు దాణా కోసం ధాన్యం గోదాముకు వెళ్లాను. మగవాళ్లు పొద్దున్నే అక్కడ కాఫీ తాగుతారు. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. డెల్మర్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వదిలేయండ్రా. మా వదిన పొరబడింది. మొన్న మొన్ననే అక్షరాలు నేర్చింది పాపం. ఒక గుండ్రం బదులు ఇంకోటి నింపేసింది."

బల్లంతా ఊపిరి వదిలింది.

"అంతేనా!" అని గోదాము నడిపే ముసలి ఆర్వల్ నవ్వాడు. "ఊళ్లో ద్రోహి ఎవడా అని రాత్రంతా నిద్దర్లేదు నాకు. పర్లేదమ్మా, వచ్చేసారి మీ మరిది పక్కన కూర్చో. మన సున్నా మనకొచ్చేస్తుంది."

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. చలికాలంలో మా బాట మీద మంచు తీసేది డెల్మర్ ట్రాక్టరే. ఇంటి నుంచి రోడ్డు దాకా చాలా దూరం. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. కానీ అప్పుడు ఊరుకుంటే, ఆ ఓటు ఇక ఎప్పటికీ పొరపాటుగానే మిగిలిపోతుంది.

భుజం మీది చెయ్యి తీసేశాను.

"పొరపాటు కాదు. చదివే వేశాను."

"వదినా..."

"ఇన్నేళ్లూ మా ఇంట్లో రెండు ఓట్లున్నాయని లెక్కేసుకున్నారు. ఉన్నది వెండెల్ ఓటే, రెండుసార్లు. మా ఇంటి రెండో ఓటు నిన్ననే పడింది. చేదుగా ఉంటే కాఫీలో ఇంకాస్త పంచదార వేసుకోండి."

డెల్మర్ మొహం ఎర్రబడింది. "అన్నయ్య బతికుంటే తలెత్తుకోగలిగేవాడా?"

"బతికుంటే తన కాగితం తను నింపుకునేవాడు. నాది నేను నింపేదాన్ని."

"మంచు పడనీ, చూద్దాం ఈ పొగరు," అన్నాడు ఆర్వల్. దాణా బస్తా నా బండిలోకి ఎత్తడానికి ఎవరూ లేవలేదు. నేనే ఈడ్చుకుపోయాను.

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి ముందే మంచు పడింది. డెల్మర్ ట్రాక్టరు మా మలుపు దగ్గర ఆగింది.

"పొరబడ్డానని ఒక్క మాట అను వదినా. చిటికెలో తీసేస్తా."

"పోయి మీ బాట తీసుకో."

వెళ్లిపోయాడు. పాత పందుల దొడ్డిలోంచి ఒక చెక్క ఊడదీసి, దాని మీద నల్ల రంగుతో రాసి, రోడ్డు పక్కన సుత్తితో దిగ్గొట్టాను. 'ఈ ఇంట్లో ఓటు ఒకటి ఉంది. అది నాది.' అక్షరాలు గాలికి ఒరిగిన కంచెలా ఉన్నాయి. అయినా ఏ ఒక్కటీ తప్పు పోలేదు.

తర్వాత పార తీసుకుని ఇంటి వైపు నుంచి మంచు ఎత్తడం మొదలుపెట్టాను. ట్రాక్టరు తిరిగి వస్తూ ఆ చెక్క దగ్గర నెమ్మదించింది. డెల్మర్ చదివాడు. చదివి వెళ్లిపోయాడు.

బాట సగం కూడా కాకముందే నడుము పట్టేసింది. తలెత్తి చూస్తే బాట రోడ్డులో కలిసే చోట ఐరిస్ కనబడింది. డెల్మర్ పెళ్లాం, నా తోడికోడలు; రోడ్డుకు అవతలే వాళ్లిల్లు. పెళ్లయిన నాటి నుంచి మొగుడి బల్ల దగ్గరే, అతని మోచేతి పక్కనే ఓటు వేసిన మనిషి. భుజం మీద పార ఉంది. రోడ్డు వైపు నుంచి మంచు ఎత్తడం మొదలుపెట్టింది.

మా పారలు కలిసినప్పుడు నడుము నిటారు చేసి, చెక్క వైపు చూసింది.

"అక్కా, దాన్ని కొంచెం ఇటు తిప్పు. మా వంటింటి కిటికీలోంచి కనబడట్లేదు."

అప్పటికే నేల బిగుసుకుపోయింది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఊపితే గానీ కదల్లేదు.