ఇరవై మూడో డబ్బా

పొడపత్రి ఆకు షుగరు తగ్గిస్తుందా, తగ్గిస్తే కాలేయానికి చేటు చేయకుండా తగ్గిస్తుందా అని తేల్చే పని ఆ ఆసుపత్రిలో మొదలై రెండేళ్లయింది. సగం మందికి ఆకు పొడి నింపిన క్యాప్సూల్ గొట్టాలు, సగం మందికి ఆకుపచ్చ రంగు కలిపిన ఉత్త పిండి గొట్టాలు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. తెలిసింది డబ్బాలు కట్టే ఫార్మసిస్టు ఒక్కదానికే. అదేదో పెద్ద గౌరవం అనుకుంది పాపం, సొంత బావ వచ్చి వరసలో నిలబడేదాకా.

సిబ్బంది చుట్టాలు చేరకూడదని నియమం. "నువ్వు నోరు మెదపకు మరదలా, నేను నీ మొహం కూడా చూడను," అని బావ బతిమాలాడు. దర్జీ ఆయన. మాత్రలంటే విసుగు, ఆకంటే గురి. పోనీలే అని తలూపింది. తీరా చూస్తే ఆయనకొచ్చిన ఇరవై మూడో నంబరుకి పిండి రాసిపెట్టి ఉంది.

నాలుగో వారం అక్క ఫోను చేసింది. "మీ గొట్టాలు బంగారమేనే! మీ బావ పాత మాత్రలు అవతల పారేశారు. హుషారుగా ఉన్నారు. వేలికి సూది గుచ్చుకున్న చోటే పది రోజులైనా మానట్లేదు."

పాత మాత్రలు మానొద్దని మొదటి రోజే అందరికీ చెప్పారు. చెబితే వినే మనిషా ఈయన!

"మాత్రలు వేసుకోండి బావా," అంది, అక్క చేత ఫోను ఆయనకి ఇప్పించి.

"రెండూ కలిపితే షుగరు మరీ పడిపోదూ? ఆ మాత్రం తెలియదా నాకు?"

"మొన్న మా ఆసుపత్రిలో చూస్తే షుగరు మూడొందలు దాటిందిగా!"

"మీ మిషను పాడై ఉంటుంది."

డాక్టరుకి చెబితే చుట్టరికం బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది, రెండేళ్ల శ్రమ మీద అనుమానం పడుతుంది. చెప్పకపోతే ఆయన వేలు. ఎటు తిరిగినా గోడే. ఆ గోడ తను కట్టుకున్నదే అని తెలిసి మరీ ఏడుపొచ్చింది. అలాగే రెండు రోజులు గడిపింది.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లింది. బావ వేలు వాచి, గోరు చుట్టూ నల్లబడింది. ఆ వేలు పైకెత్తి పెట్టుకుని మిగతా వేళ్లతోనే చొక్కా కుడుతున్నాడు.

"బావా, మీ డబ్బాలో ఆకు లేదు. ఉత్త పిండి."

కుట్టుమిషను ఆగింది. బావ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"పదండి ఆసుపత్రికి. డాక్టరుకి నేనే చెబుతాను, మొదటి నుంచీ."

అక్క వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అనబోయింది. నోరు రాలేదు. "మొదటి రోజే."

"వారం వారం ఆ డబ్బా ఇచ్చింది నువ్వేగా?"

"నేనే అక్కా."

బావ లేవబోతూ తూలితే ఆమె చెయ్యి అందించింది. అక్క వచ్చి ఆ చెయ్యి పక్కకి తోసి, మొగుణ్ణి తనే పట్టుకుంది.