గునపం దిగని చేను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. మా అన్నయ్య చేసిన పని వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

నేను మట్టి పరీక్షల ఆఫీసులో పనిచేస్తాను. మట్టిని ఆరబెట్టడం, జల్లించడం, కొలవడం, చివర కాగితం మీద సంతకం పెట్టడం నా పని. పోయిన నెల అన్నయ్య తన టమాటా చేను మట్టి సంచిలో పట్టుకొచ్చాడు. అప్పటికే రెండుసార్లు నాటిన నారు జానెడు ఎదిగి ఆగిపోయింది. మూడో విడత నారు వదిన ట్రేలలో పెంచుతోంది. అదీ పోతే ఈ ఏడాదికి పంట లేనట్టే.

మట్టి పొడిపొడిగా, చూడముచ్చటగా ఉంది. అందులో ఒక వానపాము కూడా కనిపిస్తే తీసి కిటికీలోని పూలకుండీలో వేశాను. పరీక్షలో అన్నీ బాగానే వచ్చాయి. నేల ఆరోగ్యంగా ఉందని రాసి సంతకం గీకేశాను.

ఆ కాగితం పట్టుకుని అన్నయ్య తిన్నగా పురుగుమందుల కొట్టుకు వెళ్ళాడు. నేల బాగుంటే వేర్లకు పురుగు పట్టినట్టేనని కొట్టాయన తేల్చేశాడు. నేలంతా తడిసేలా పొయ్యమని ఇంకో మందు డబ్బా అంటగట్టాడు. అన్నయ్య మారుమాట లేకుండా పోశాడు.

నిన్న వదిన రమ్మంటే చేనికి వెళ్ళాను. కాలు పెడితే సిమెంటు గచ్చు మీద నడిచినట్టుంది. బతుకుతాయేమో చూద్దామని వదిన నాటిన ఒక్క ట్రే మొక్కలూ ముడుచుకుపోయాయి. పీకి చూస్తే కొత్త వేరు ఒక్కటీ లేదు.

"అన్నయ్యా, నాకిచ్చిన మట్టి ఎక్కడ తీశావు?"

"చేలోనే."

"చేలో ఎక్కడ?"

గట్టు వైపు చెయ్యి చూపించాడు. "అక్కడైతే మెత్తగా ఉంది. లోపల గునపం దిగలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మందు చుక్క పడని చోటు అదొక్కటే.

"గట్టు దగ్గర తియ్యొద్దని సంచి మీద రాసుందిగా. గునపం దిగకపోవడమే జబ్బని తెలీదా? జ్వరం నీకొస్తే పక్కింటాయన రక్తం పరీక్షకిస్తావా?"

"పురుగు చావాలి కదా అని కొట్టాను."

"పురుగొక్కటే చచ్చిందా? నేలను గుల్లగా ఉంచేవన్నీ చచ్చాయి. ఇంక అది బిగుసుకుపోక ఏం చేస్తుంది?"

అన్నయ్య తల దించుకున్నాడు. అయినా నేను ఆగలేదు. ఆ కొట్టాయన్ని కూడా కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను.

మిగిలిన ట్రేల పక్కన కూర్చున్న వదిన లేచి నా దగ్గరికొచ్చింది.

"వారానికోసారి మందు కొడతాడని నీకు తెలుసు," అంది మెల్లగా. "అలాంటి చేలోంచి అంత మంచి మట్టి వస్తే నీకు అనుమానం రాలేదా? ఆయనకి చదువు లేదు. నువ్వు చదువుకున్నావుగా. ఎక్కడ తీశావని ఆరోజే ఒక్క మాట అడిగుంటే, ఆ డబ్బా పోసేవాడు కాదు."

వదిన ఒక ట్రే ఎత్తి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు ఈ నారు ఎక్కడ నాటమంటావో చెప్పు," అంది.

వదిన మీద కూడా కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.