ఉమ్మడి సెలవు

బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడకు వారంలో శుక్రవారం సెలవు. చెప్పుల షాపులో పనిచేసే ఆమె భర్తకు మంగళవారం. మిగతా రోజుల్లో ఇద్దరూ షట్టర్లు దించాక ఇంటికి చేరి, అన్నం తింటూ రాజకీయాలు మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడమంటే పోట్లాడుకోవడమే. ఆయనది పాత పార్టీ, ఆవిడది కొత్త పార్టీ. వీళ్ల పుణ్యమా అని పక్కింటివాళ్లు టీవీలో చర్చలు చూడడం మానేశారు.

ఆ ఏడాది గొడవంతా షాపుల గురించి. వారానికో రోజు ఊళ్లో షాపులన్నీ కలిసి మూసెయ్యాలని కొత్త పార్టీ అంది. ఏడు రోజులూ తెరిచే ఉంచాలి, పనివాళ్లకు ఇప్పటిలాగే విడివిడి సెలవులు చాలని పాత పార్టీ అంది. పనివాడి ఒళ్లేమన్నా ఇనుమా అని ఆవిడ మొదలుపెట్టేది. గిరాకీ పోతే జీతం ఎక్కణ్ణించి వస్తుందని ఆయన అందుకునేవాడు. అత్తగారు మధ్యలో కూర్చుని, ఎవరు గెలుస్తుంటే వాళ్ల కంచంలో ఇంకో గరిటె కూర వేసేది.

ఇంతలో పైన పొత్తులు తారుమారయ్యాయి. ఎవరింట్లో ఎవరు విందు తిన్నారో ఏమో, తెల్లారేసరికి కొత్త పార్టీకి గిరాకీ మీద బెంగ పట్టుకుంది, పాత పార్టీకి పనివాడి ఒంటి మీద జాలి పుట్టింది. ఇంట్లో మాత్రం పోట్లాట ఒక్కపూట కూడా ఆగలేదు. ఇప్పుడు జీతం ఎక్కణ్ణించి వస్తుందని ఆవిడ అంటుంటే, ఒళ్లేమన్నా ఇనుమా అని ఆయన అంటున్నాడు. ఒకరి పాఠం ఒకరికి ఎప్పుడో కంఠతా వచ్చేసింది కనుక ఇద్దరూ ఎక్కడా తడబడలేదు.

అత్తగారి గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఎవరికి వడ్డించాలో పాపం ఆవిడకు పాలుపోలేదు.

"నిన్న నువ్వన్న మాటే ఇవాళ వాడంటున్నాడేంటే?" అని కోడల్ని అడిగింది.

"మా పెద్దవాళ్లు అన్నీ ఆలోచించే చెప్పుంటారు అత్తయ్యా."

"ఆ పెద్దవాళ్లలో షాపులో నిలబడి పనిచేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

కోడలు మనసులోనే వెతికింది. వకీళ్లున్నారు, హోటలు యజమాని ఉన్నాడు, అధ్యక్షుడి అల్లుడున్నాడు. పోనీ మొగుడి పార్టీ మేలా అంటే, అక్కడా వకీళ్లే, ఒక మిల్లు యజమాని, అధ్యక్షుడి బావమరిది. అన్నీ ఒకే తాను ముక్కలు. బట్టల షాపులో పనిచేస్తూ కూడా ఇన్నాళ్లూ ఆ సంగతి పట్టలేకపోయినందుకు ఆమెకు నవ్వొచ్చింది.

"వాళ్ల గొడవ వదిలెయ్. నీకేం కావాలి?" అంది అత్తగారు.

ఆ ప్రశ్న పార్టీలో ఎవరూ కోడల్ని అడగలేదు, ఆమె తనకు తాను వేసుకోనూ లేదు. ఎదురుగా మొగుడు వేలు చూపిస్తూ ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. ఈ వాగుడుకాయతో ఒక్క రోజు, పొద్దుట్నించి సాయంత్రం దాకా, తీరిగ్గా గడపాలని ఉంది ఆమెకు. కావలసింది అంతే.

తర్వాతి వారం మున్సిపాలిటీ హాల్లో షాపు పనివాళ్ల సభ పెట్టారు. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అదే ఖాయం చేస్తామన్నారు. ఆవిడ పార్టీలో వార్డు మహిళా కార్యదర్శి. ముందు వరసలో తన పేరున్న కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం. అధ్యక్షుడి అల్లుడు వచ్చి పక్కనే కూర్చున్నాడు. మూసివేతకు ఆవిడ చెయ్యి లేవనంతవరకు వెనకున్న ఆడవాళ్లెవరూ ఎత్తరనీ, లేచిందో ఆ కుర్చీలో రేపు ఇంకొకరుంటారనీ నవ్వుతూనే చెప్పాడు.

ఉమ్మడి సెలవు కావాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. అవతలి వైపు మొగుడు పార్టీ మాట ప్రకారం టక్కున ఎత్తేశాడు. కుర్చీ పోతే పోయిందనుకుని ఆవిడా చెయ్యెత్తింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు అల్లుడు.

"మా ఆయనకి మంగళవారం, నాకు శుక్రవారం. మీ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలీదు బాబూ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెంటే చేతులు లేచాయి, వరసలకు వరసలు. అల్లుడు అటూ ఇటూ చూశాడు. గోడ మీద పిల్లి ఎటు దూకాలో అటు దూకింది. తనూ చెయ్యెత్తి, మైకందుకుని, తమ పార్టీ మొదట్నించీ చెబుతున్నది ఇదేనన్నాడు. ఆవిడకు నవ్వు ఆగలేదు, ఒళ్లంతా తేలికైపోయింది. హాలు అవతల మొగుడు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి పెళ్లాన్నే చూస్తున్నాడు.

మొదటి ఉమ్మడి సెలవు నాడు అత్తగారు పొద్దున్నే కూతురింటికి వెళ్లిపోయింది, సాయంత్రం దాకా రానని మరీ మరీ చెప్పి. మొగుడు కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఎండ చెంప మీద పడుతోంది. ఆవిడ పక్కన కూర్చుని, పట్టపగలు, తొందర లేకుండా ఆ మొహాన్ని చూసింది.

"చెవుల దగ్గర నెరిసిపోయాయేంటండీ? ఎప్పట్నించి?"

"మంగళవారాల్లో" అన్నాడు ఆయన.