పదికి కిలో తిన్న కాంటా

నేను ఒక కాంటాను. రెండు పళ్లాలతో ఊగే కిరాణా కొట్టు తరాజును కాను. పైనొక కొక్కెం, కిందొక కొక్కెం, మధ్యలో గుండ్రటి ముఖం, ఆ ముఖం మీద ఒకే ఒక్క ముల్లు ఉన్న వేలాడే కాంటాను. యాభై కిలోల దాకా మోస్తాను. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో ఒకే రోజు తయారైన రెండొందల కాంటాల్లో నేనొకదాన్ని. పది కిలోలు తగిలిస్తే పదే చూపించేదాన్ని. అబద్ధమాడటం నాకు మనుషులు నేర్పిన విద్య.

నన్ను కొన్నవాడు మిర్చి వ్యాపారి జనార్దన్ సేటు. అడవి అంచున నలభై ఎకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసేవాడు. కొన్న వారానికే నన్ను గడియారాలు బాగుచేసే ఒకతని దగ్గరికి పట్టుకెళ్లాడు. అతను నా ముఖం విప్పి, లోపల ఉన్న రెండు స్ప్రింగుల పక్కన చిన్నది మూడోది బిగించాడు. చూడటానికి అంతా మామూలే. ఏమీ తగిలించకపోతే నా ముల్లు సున్నా మీదే నిలబడుతుంది. పది తగిలిస్తే మాత్రం తొమ్మిదే చూపిస్తాను.

ఆ చేలో మిర్చి ఏరడానికి వచ్చేవాళ్లంతా ఏరుమడుగు గుంపు ఆడవాళ్లు. గుంపు అంటే గుత్తికోయల గూడెం. పాతికేళ్ల కిందట వీళ్ల అమ్మానాన్నలు అవతలి రాష్ట్రంలో తుపాకులకు భయపడి, పిల్లల్ని చంకనేసుకుని అడవులు దాటి వచ్చారు. ఆ పిల్లలు పెద్దయి, వాళ్లకూ పిల్లలు పుట్టారు. ఇక్కడి వాగు నీళ్లే తాగారు, ఇక్కడి జ్వరాలతోనే మూలిగారు. అయినా ఇప్పటికీ అందరి నోటా 'వలసొచ్చినోళ్లే'. ఎన్నేళ్లుంటే ఈ ఊరివాళ్లవుతారో చెప్పే కాంటా ఇంకా ఎవరూ తయారు చేసినట్టు లేదు.

పొద్దంతా ఎండలో వంగి, చేతులు మంటలెత్తుతుంటే ఏరిన కాయలను సంచులకెత్తి తెచ్చి నాకు తగిలించేవాళ్లు. కూలి కిలోల లెక్కనే, నేను పదికి కిలో మింగేదాన్ని. ఎనిమిదేళ్లు మింగాను. ఏటా నా మీద సర్కారు ముద్ర కూడా పడేది. ముద్ర వేసే ఆయన వచ్చి, కుర్చీలో కూర్చుని, సేటు ఇచ్చిన టీ తాగి, నాకు ఒక్క రాయి కూడా తగిలించి చూడకుండా సీసపు బిళ్ల నొక్కి వెళ్లేవాడు. నాకే నోరుంటే ఆ టీ గ్లాసు దించేలోపు అరిచి చెప్పేదాన్ని.

సేటు కరెంటు కాంటా కొన్నాక నేను పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను ఏరి తీసుకున్న మనిషి పేరు ఈసం కౌసల్య. రోడ్డు మీది ఊళ్లో బట్టలు కుట్టుకుని బతుకుతుంది. వాళ్లూ కోయవాళ్లే. కాకపోతే తరతరాలుగా ఇక్కడివాళ్లు, కాగితాలున్నవాళ్లు. ఆదివారం వస్తే మిషను మీద గుడ్డ కప్పి, వాగు దాటి, ఆరు కిలోమీటర్లు నడిచి ఏరుమడుగు గుంపుకు వెళ్లేది. పిల్లలకు అక్షరాలు దిద్దించేది, జ్వరమొస్తే మాత్రలిచ్చేది, కాన్పులకు తోడుగా ఆసుపత్రికి వెళ్లేది. ఎవరూ జీతమివ్వలేదు. పైగా ఇంట్లో తిట్లు.

"వాళ్లొచ్చి మన అడివి కొట్టుకుంటాంటే నువ్వు పొయ్యి ఆళ్ల పిల్లల ముక్కులు తుడుస్తవా?" అనేవాడు అన్న.

"ముక్కు కారేటప్పుడు ఏ రాష్ట్రపు ముక్కని అడుగుతరా అన్నా?" అనేది కౌసల్య, చెప్పులు వేసుకుంటూ.

ఆమె కోరిక ఒక్కటే. గుంపులో ఆరేళ్లలోపు పిల్లలు ఇరవై ముగ్గురున్నారు. వాళ్లకొక చిన్న అంగన్‌వాడీ రావాలి. రోజుకొక గుడ్డు, ఒక పూట పప్పన్నం. అర్జీ పెడితే మండలంలో అధికారి, "పిల్లలు బక్కగున్నరని నోటితో చెప్తే కాదమ్మా, రుజువు తేవాలె" అన్నాడట. అందుకే కౌసల్య నన్ను కొంది. పాత దుప్పటి చింపి, కాళ్లు దూరేందుకు రెండు కంతలు పెట్టి, పిల్లల్ని కూర్చోబెట్టే జోలె కుట్టింది. నా తుప్పు గీకి, ముఖం తుడిచింది. ఎనిమిదేళ్లలో నన్ను అంత ప్రేమగా తుడిచినవాళ్లు లేరు. నాకు సిగ్గేసింది.

గుంపులో చింతకొమ్మకు నన్ను వేలాడదీయగానే ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. ఇడిమె అనే తల్లి తన పిల్ల నందెను గట్టిగా కరుచుకుంది.

"వద్దక్కా. ఆ కాంట తింటది," అంది.

"ఏం తింటది?"

"బరువు తింటది. మా మిర్చి అంతా తిన్నది. ఇప్పుడు పిల్లల్ని పెడితే పిల్లల్ని తింటది."

కౌసల్య నవ్వింది. అది చెడ్డ నవ్వు కాదు, కానీ తెలిసినవాళ్లు తెలియనివాళ్లను చూసి నవ్వే నవ్వు. దిష్టి, గాలి లాంటి భయాల్లో ఇదీ ఒకటనుకుంది. "ఇనుముకు ఆకలేస్తదా ఇడిమే?" అని, ముందు తన చేతిసంచి తగిలించి చూపించింది. నా ముల్లు సున్నా మీద నిలబడటం చూపించింది. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పాపం, ఆ తల్లులు నిజం చెబుతున్నారు. మాట తిరగేసి అడిగి ఉంటే అంతా బయటపడేది. కానీ మంచి చేయడానికి వచ్చినవాళ్లకు కూడా వినడం కంటే నచ్చజెప్పడమే తొందరగా వస్తుంది. చివరికి, అక్క మీద నమ్మకంతో, నా మీద నమ్మకం లేకుండానే పిల్లల్ని ఎక్కించారు.

ఆరు నెలలు తూచాను. మిర్చి బస్తాలు బరువుగా దిగలాగేవి. ఈ పిల్లలు తగిలించినట్టే తెలిసేది కాదు. నందె మొదటిసారి ఎక్కినప్పుడు ఏడవలేదు, కాళ్లు ఊపలేదు. రెండున్నరేళ్ల పిల్ల ఊయలలాంటి దాంట్లో కూర్చుని నవ్వకపోతే ఎట్లా ఉంటుందో మీరెవరైనా చూశారో లేదో. నేను చూశాను. కౌసల్య నోటుపుస్తకంలో పిల్లల పేర్లు, నెలలు, బరువులు రాసింది. ఎర్ర పెన్నుతో గీతలు గీసింది. ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మందికి ఎర్రగీతే.

ఆ పుస్తకం చూసి అధికారి రాక తప్పలేదు. జీపు వాగు అవతలే ఆపి, ప్యాంటు పైకి మడుచుకుని వచ్చాడు. వస్తూనే పిల్లల్ని చూడలేదు, నన్ను చూశాడు. సంచిలోంచి అయిదు కిలోల ఇనుప గుండు తీసి నా కొక్కేనికి తగిలించాడు. నేను నాలుగున్నర చూపించాను.

ఎనిమిదేళ్లు, ఏ ఒక్క ఏడూ ఏ ఒక్కరూ నాకు తగిలించని గుండు అది! ఆడకూలీల చెమట తింటున్నప్పుడు ఏ జీపూ రాలేదు. పిల్లలకో గుడ్డు అడిగిన రోజునే సర్కారుకు తూకాల మీద ఇంత శ్రద్ధ పుట్టుకొచ్చింది.

"మోసం కాంటాతోని పిల్లలను తక్కువ చూపిస్తున్నవా?" అన్నాడు అధికారి.

కౌసల్య దగ్గరికొచ్చి నా ముల్లును చూసింది. తిరిగి ఇడిమె వైపు చూసింది.

"చెప్పిన గదక్కా, తింటదని," అంది ఇడిమె నెమ్మదిగా. "సంతల పది తూగిన ఇప్పపువ్వు సేటు చేన్ల దీని మీద తొమ్మిదే. ఎన్నిసార్లు పెట్టినా తొమ్మిదే. మా అందరికీ ఎరికే."

కౌసల్య అక్కడే నేల మీద కూలబడింది. నెత్తి మీద చేతులు పెట్టుకుని, "నాకెందుకు వినబుద్ధి కాలేదే తల్లీ!" అంది. ఆ తర్వాత లేచి, అధికారి ముందు నిలబడింది. "సరే సార్, ఇది దొంగదే. దాని మీద ముద్ర ఎవరిదో చూడుండ్రి. మీ మిషను తెచ్చి మీరే తూచుండ్రి. అప్పుడైతే నమ్ముతరు గదా?"

"ఆధార్ లేని పిల్లలను మా మిషను మీద ఎక్కియ్యలేమమ్మా. నంబరు కొట్టందే ఫోన్ల యాప్ ముందుకు పోదు," అన్నాడాయన. ముద్ర సంగతి వినబడనట్టే ఊరుకున్నాడు. అర్జీ కొట్టేశాడు. నన్ను జప్తు చేసి జీపులో వేశాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా. ఎనిమిదేళ్లు దొరగా తిరిగిన నేను, ఒక మంచి మనిషి చేతిలో ఉండగా దొంగనయ్యాను. మర్నాడు పేపర్లో చిన్న వార్త: అంగన్‌వాడీ కోసం తప్పుడు తూకాలు.

ఇప్పుడు నేనున్న చోటు మండలాఫీసు మీటింగు హాలు. వినియోగదారుల దినమని ప్రదర్శన పెట్టారు. నన్ను గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. కింద చీటీ: 'మోసపూరిత కాంటా. ఏరుమడుగు గుంపులో పిల్లల బరువు తక్కువ చూపేందుకు వాడినది.' మిర్చి ఊసు లేదు, మూడో స్ప్రింగు ఊసు లేదు. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? వర్తక సంఘం అధ్యక్షుడి హోదాలో జనార్దన్ సేటు! తూకంలో నిజాయితీ అనే విషయం మీద పావుగంట మాట్లాడాడు. మాట్లాడి, నా ముందుకు వచ్చి, నన్ను చూసి, తుమ్మొచ్చినట్టు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్క బల్ల దగ్గరికి జరిగాడు.

అప్పుడే వచ్చారు ముగ్గురూ. కౌసల్య, ఇడిమె, ఇడిమె చంకలో నందె. కౌసల్య ఎవర్నీ అడగలేదు. నన్ను మేకు మీంచి తీసి, కిటికీ చువ్వకు తగిలించి, జోలె కట్టి, పిల్లను కూర్చోబెట్టింది. ఇడిమె ఈసారి వెనక్కి తగ్గలేదు. తనే జోలె సరిచేసి, పిల్ల కాళ్లు కంతల్లోంచి బయటికి లాగింది. జనం మూగారు, అర్జీ కొట్టేసిన అధికారి కూడా వచ్చాడు. నా ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది.

"ఎనిమిది," అంది కౌసల్య, అధికారి వైపు తిరిగి. "ఇది దొంగ కాంటా, పదికి కిలో తింటది. ఈ తల్లులు మొదలే చెప్పిండ్రు, నేనే ఇనలే. తప్పు నాదే. తిన్నది కలుపుండ్రి సార్. తొమ్మిది నిండదు. మూడేండ్ల పిల్ల. పదకొండన్న ఉండాలని మీ ఆఫీసు గోడ మీదనే బొమ్మేసి రాసిండ్రు. మరి ఆ రెండు కిలోలు ఏ కాంట తిన్నది?"

మూగిన జనంలో ఎవరో వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నారు. జనార్దన్ సేటు ఎటు పోయాడో కనిపించలేదు. నందె నా ముఖం మీద చెయ్యి పెట్టి ముల్లును తాకబోయింది. ముల్లు కదలకుండా చూసుకోవడం ఒక్కటే నా చేతిలో ఉంది. అది మాత్రం చేశాను.

అధికారి ఖాళీ మేకు వైపు వేలు చూపించాడు.

"ప్రదర్శనల పెట్టిన సామాన్లు ముట్టుకోవద్దమ్మా," అన్నాడు.

నేను మళ్లీ మేకుకు ఎక్కాను. ప్రదర్శన ముగిసినా నన్నెవరూ దించలేదు, కింద చీటీ మారలేదు. నాలుగు నెలలు గడిచాయి, కౌసల్య మూడు అర్జీలు పెట్టిందని ఇక్కడ ఊడ్చే మనిషి చెబుతుంటే విన్నాను. ఏరుమడుగు గుంపుకు ఇంకా గుడ్డు రాలేదు. నందెకు నాలుగో ఏడు నడుస్తోంది.